కంప్యూటర్ సందేహాలు: కొత్త విండోస్ వేశాక ర్యామ్ ఏమైపోతోంది?

విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో షాపుల్లో, ఇళ్లల్లో చాలా సిస్టమ్‌లు విండోస్ 11కి మారాయి, ఇంకా మారుతున్నాయి. ఈసారి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ర్యామ్ (తెరిచిన ప్రోగ్రాములు పనిచేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) గురించే. అందుకే ఈ సంచిక మొత్తం దానికే కేటాయించాం. ముందుగా ఒక మాట. ర్యామ్ నిజంగా చాలడం లేదా, ఉన్నది కనబడటం లేదా, లేక చెడిపోయిందా అన్నది తేలకుండా డబ్బు పెట్టకండి. మూడూ వేర్వేరు జబ్బులు, మూడింటికీ మందులు వేరు.

ప్రశ్న: డీటీపీ, ఫ్లెక్సీ డిజైన్ సెంటర్ నడుపుతున్నాను. 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్. విండోస్ 10ని 11కి అప్‌గ్రేడ్ చేయించాను. ఏమీ తెరవకముందే టాస్క్ మేనేజర్‌లో మెమరీ 50 శాతం చూపిస్తోంది. పేజ్‌మేకర్, ఫొటోషాప్, క్రోమ్ మూడూ తెరిస్తే మౌస్ కూడా కదలడం లేదు. సర్వీస్ చేసే అబ్బాయి 16 జీబీ వేయించమంటున్నాడు. వేయించాలా?
(డీటీపీ సెంటర్ నిర్వాహకుడు, కర్నూలు)

జవాబు: చివరికి వేయించాల్సి రావచ్చు. కానీ మొదట చేయాల్సిన పని అది కాదు.

50 శాతం చూసి కంగారు పడొద్దు. 8 జీబీ సిస్టమ్‌లో విండోస్ 11 ఒక్కటే 3 నుంచి 4 జీబీ తీసుకోవడం మామూలే. చూడాల్సిన అంకె వేరే ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే గ్రాఫు కింద ‘కమిటెడ్’ అని ఉంటుంది. అక్కడ 6.1/11.8 జీబీ లాగా రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ప్రోగ్రాములన్నీ కలిపి అడిగి తీసుకున్న మెమరీ. రెండోది ర్యామ్, హార్డ్ డిస్క్ మీది పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే డిస్కు చోటు) కలిపి సిస్టమ్ ఇవ్వగలిగిన మొత్తం. మీరు రోజూ చేసే పనే చేస్తూ, మధ్యాహ్నం గిరాకీ బాగా ఉన్న వేళ ఈ అంకెలు చూడండి. మొదటి అంకె అస్తమానం 8 దాటి 10, 11 దగ్గర ఆడుతుంటే ర్యామ్ నిజంగానే చాలడం లేదు. 6 దగ్గరే ఉండి కూడా మౌస్ ఆగుతుంటే రోగం ఇంకోచోట ఉంది.

ఆ ఇంకోచోటు మీ విషయంలో హార్డ్ డిస్కే అయ్యుంటుంది. టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్ పేజీలో డిస్క్ నిలువు వరుస 100 శాతం చూపిస్తోందా? అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు మూడు రోజులు విండోస్ ఫైళ్లన్నీ మళ్లీ ఇండెక్స్ చేసుకుంటుంది, డిఫెండర్ స్కాన్ చేస్తుంది, అప్‌డేట్లు దించుకుంటుంది. రెండు రాత్రులు సిస్టమ్ ఆన్‌లో ఉంచి, స్లీప్‌లోకి పోకుండా చూస్తే ఆ పని తానే ముగించుకుంటుంది. అప్పటికీ తగ్గకపోతే కారణం తిరిగే డిస్కే. ర్యామ్ కాస్త నిండగానే విండోస్ పాత పేజీలను (మెమరీ ముక్కలను) డిస్క్ మీదికి తోస్తుంది, కావాల్సినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. తిరిగే డిస్కు ఆ వేగం అందుకోలేదు. ర్యామ్, డిస్కు రెండింటిలో ఒకదానికే డబ్బు ఉంటే ముందు 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) కొని విండోస్ దాని మీదికి మార్పించండి. పాత డిస్కు డిజైన్ ఫైళ్లకు పనికొస్తుంది. ఇందులో మాకు అనుమానం లేదు.

ఇక మీ చేతిలో ఉన్నవి. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో స్టార్టప్ తెరిచి టీమ్స్, వన్‌డ్రైవ్ వంటివి మీరు వాడకపోతే ఆపండి. తెలుగు టైపింగ్‌కు వాడే అను స్క్రిప్ట్ మేనేజర్‌ను మాత్రం కదిలించకండి, అది తినేది ఏమీ లేదు. ఎడ్జ్ వాడకపోయినా ‘స్టార్టప్ బూస్ట్’ వల్ల వెనక నడుస్తూ ఉండొచ్చు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ అండ్ పెర్ఫార్మెన్స్ కింద దాన్ని ఆపేయండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్ కింద మెమరీ సేవర్ పెట్టండి.

అసలు సంగతి ఫ్లెక్సీ ఫైళ్లలో ఉంది. 8 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) తెరిస్తే 28,800 పిక్సెళ్ల వెడల్పు, 14,400 పిక్సెళ్ల ఎత్తు వస్తుంది. అంటే 41 కోట్ల పిక్సెళ్లు పైనే. ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల సీఎంవైకేలో పిక్సెల్‌కు 4 బైట్లు కాబట్టి ఒక్క నిండు లేయర్‌కే 1.6 జీబీ. పెళ్లి ఫ్లెక్సీలో బ్యాక్‌గ్రౌండు, దంపతుల ఫొటో, పూలు, పేర్లు అంటూ లేయర్లు పెరిగేకొద్దీ ఎంత ర్యామ్ వేసినా చాలదు. అదే ఫ్లెక్సీని 72 డీపీఐలో తయారుచేస్తే 6,912, 3,456 పిక్సెళ్లు, లేయర్‌కు 95 ఎంబీ సుమారు. పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి 72 నుంచి 100 డీపీఐ చాలు. శుభలేఖలకు, విజిటింగ్ కార్డులకు మాత్రం 300 ఉంచండి.

ఫొటోషాప్‌లో ఎడిట్, ప్రిఫరెన్సెస్, పెర్ఫార్మెన్స్ తెరిస్తే అది ఎంత ర్యామ్ వాడుకోవచ్చో చెప్పే గీత ఉంటుంది. మామూలుగా 70 శాతం దగ్గర ఉంటుంది. 8 జీబీలో పేజ్‌మేకర్ కూడా పక్కన నడవాలంటే 55కి దించండి. స్క్రాచ్ డిస్క్‌ను (ర్యామ్ చాలనప్పుడు ఫొటోషాప్ వాడుకునే డ్రైవ్‌ను) బాగా ఖాళీ ఉన్న డ్రైవ్‌కి మార్చండి. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటి 32 బిట్ ప్రోగ్రామ్, అది 2 జీబీకి మించి వాడుకోలేదు. ర్యామ్ పెంచితే దాని వేగం పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇవన్నీ అయ్యాక కూడా కమిటెడ్ అంకె 8 మీదే ఉంటే ఇంకో 8 జీబీ వేయించండి.

ప్రశ్న: మా బట్టల షాపులో విండోస్ 7 తీసి విండోస్ 10 వేశారు. పనిలో పనిగా 4 జీబీకి తోడు ఇంకో 4 జీబీ కొన్నాం. సిస్టమ్‌లో ‘8 జీబీ, వాడదగినది 3.4 జీబీ’ అని వస్తోంది. అమ్మిన వాళ్లు ర్యామ్ బాగానే ఉందంటున్నారు.
(వ్యాపారి, ప్రొద్దుటూరు)

జవాబు: వాళ్లు చెప్పింది నిజం. మీకు వేసింది 32 బిట్ విండోస్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిచి సిస్టమ్ టైప్ చూడండి. ‘32 బిట్ ఆపరేటింగ్ సిస్టమ్, ఎక్స్64 ప్రాసెసర్’ అని ఉంటే అదే కారణం. 32 బిట్ విండోస్ చేతిలో ఉండే మెమరీ చిరునామాలు మొత్తం 429 కోట్ల 49 లక్షల 67 వేల 296, అంటే సరిగ్గా 4 జీబీ. వీధిలో ఇంటి నంబర్లు అయిపోతే కొత్తగా కట్టిన ఇంటికి ఉత్తరం చేరనట్టు, ఆపైన ఉన్న ర్యామ్‌కు విండోస్ చేరలేదు. పైగా ఆ నంబర్లలోనే గ్రాఫిక్స్‌కు, ఇతర కార్డులకు కొన్ని పోతాయి. అందుకే 4 కూడా దక్కక 3.4 దగ్గర ఆగింది.

64 బిట్ విండోస్ వేయించాలి. 32 బిట్ మీద 64 బిట్‌ను అప్‌గ్రేడ్‌గా వేయడం కుదరదు, సి డ్రైవ్ తుడిచి కొత్తగా వేయాల్సిందే. మీ విండోస్ 10 లైసెన్సు 64 బిట్‌కూ చెల్లుతుంది. వేయించే ముందు రెండు విషయాలు చూసుకోండి. బిల్లింగ్‌కు పాత డాస్ ప్రోగ్రామ్ ఏదైనా వాడుతున్నారా? 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోవు. పాత డాస్ ప్రోగ్రాములను నడిపే డాస్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు నడుస్తాయి కానీ ప్రింట్ దగ్గర చిక్కు వస్తుంది, ముందు వేరే సిస్టమ్‌లో ప్రింట్ తీసి చూసుకోండి. రెండోది డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు 64 బిట్ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపి నడిపించే సాఫ్ట్‌వేర్) దొరుకుతుందా అన్నది. ఇవి తేలకుండా సంక్రాంతి గిరాకీ ముందు సిస్టమ్ తుడిపించకండి. లెక్కల డేటా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, బయటి డిస్కులో ఒకటి, రెండు కాపీలు తీసి ఉంచండి.

ఇంకొకటి. విండోస్ 10కి సపోర్టు ఆగాక కూడా పేరు నమోదు చేసుకున్న ఇంటి సిస్టమ్‌లకు 2026 అక్టోబర్ 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ప్రాసెసర్ విండోస్ 11కి సరిపోయేదైతే ఈ తుడుపు పనిలోనే నేరుగా 11 వేయించడం మేలు. 11లో 32 బిట్ అనేదే లేదు.

ప్రశ్న: ఇంజినీరింగ్ చదువుతున్నాను. రైజన్ ల్యాప్‌టాప్, 8 జీబీ. విండోస్ 11 మళ్లీ వేశాక 5.9 జీబీయే వాడదగినదని చూపిస్తోంది. నాది 64 బిట్టే.
(విద్యార్థి, అనంతపురం)

జవాబు: టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో కింద ‘హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్’ అంకె చూడండి. 2 జీబీ దగ్గర ఉంటే ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చిప్పు తన వాటా ముందే పక్కన పెట్టుకుందని అర్థం. అది చెడిపోవడం కాదు. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే హార్డ్‌వేర్ సెట్టింగుల్లో) ‘యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్’ అని ఉంటుంది. గేములు ఆడకపోతే అక్కడ 512 ఎంబీకి దించవచ్చు. చాలా ల్యాప్‌టాప్‌లలో ఈ అవకాశమే ఉండదు, అప్పుడు చేయగలిగింది లేదు.

బయోస్‌లో చేయి పెట్టే ముందు జాగ్రత్త: విండోస్ 11 ల్యాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని డేటాకు తాళం వేసే బిట్‌లాకర్) తనంతట తానే ఆన్ అయి ఉండొచ్చు. బయోస్ మార్చాక అది 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకుని అప్పుడు మొదలుపెట్టండి. కీ లేకపోతే డిస్కులో ఉన్నదంతా పోయినట్టే.

రిజర్వ్‌డ్ మరీ ఎక్కువగా, సగం ర్యామ్ దాకా ఉంటే ఇంకోటి చూడండి. స్టార్ట్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ అని వెతికి, బూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘మాక్సిమమ్ మెమరీ’ గడిలో టిక్ ఉంటే తీసేసి రీస్టార్ట్ చేయండి. ఆ గడి ర్యామ్ పెంచడానికని చాలామంది అనుకుంటారు. అది కోత పెట్టడానికి, పరీక్షల కోసం ఉంచినది.

ప్రశ్న: అప్‌గ్రేడ్ అయిన వారం నుంచి మధ్యాహ్నం పూట బ్లూ స్క్రీన్ వస్తోంది. ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని ఒకసారి, ‘పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా’ అని ఒకసారి. విండోస్ 10లో ఎప్పుడూ రాలేదు. వెనక్కి వెళ్లిపోమంటారా?
(డెస్క్‌టాప్ వాడకందారు, కడప)

జవాబు: వెనక్కి పోవడం వల్ల ర్యామ్ బాగుపడదు. ర్యామ్ స్టిక్‌లో (స్లాట్‌లో పెట్టే ర్యామ్ పలకలో) ఒకచోట లోపం ముందే ఉండి, ఆ చోటు పాత విండోస్ వాడుకలోకి సరిగా రాకపోయి ఉండొచ్చు. కొత్తది ఎక్కువ మెమరీ వాడుతుంది కనుక ఆ చోటు తగులుతోంది. డ్రైవర్ వల్ల కూడా ఇవే ఎర్రర్లు వస్తాయి. ఒకే ఎర్రర్ ప్రతిసారీ ఒకే ఫైలు పేరుతో వస్తే డ్రైవర్‌ను అనుమానించండి. ఎర్రర్లు మారుతూ, వేడి వేళ ఎక్కువవుతుంటే ముందు ర్యామ్‌ను పరీక్షించండి.

పద్ధతి ఇది. సిస్టమ్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ తెరిచి, ముందు దాని ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకోండి, ఒంట్లోని స్టాటిక్ పోతుంది. దుమ్ము బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, లేకపోతే గాలికి వేగంగా తిరిగి పాడవుతుంది. ర్యామ్ స్లాట్ చివరి క్లిప్పులు వెనక్కి వంచి స్టిక్ బయటికి తీయండి. బంగారు రంగు కాళ్ల మీద నల్లటి పొర కనబడితే పెన్సిల్ తుడిచే తెల్ల రబ్బరుతో ఒకే దిక్కుగా మెల్లగా రుద్ది, పొడి అంతా బ్రష్‌తో దులపండి. రబ్బరు పొడి స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పులు ‘టిక్’ మని పడేదాకా రెండు వైపులా సమంగా నొక్కాలి.

రెండు స్టిక్‌లు ఉంటే ఒక్కటే ఉంచి పరీక్షించండి, తర్వాత రెండోది. మెమ్‌టెస్ట్86 ఉచిత వెర్షన్‌ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి దానితో బూట్ చేస్తే నాలుగు పాస్‌లు (విడతలు) నడుపుతుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి. తెర మీద ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ స్టిక్ పనికిరాదు. ‘రెండే కదా, నడుస్తుందిలే’ అనుకోవడం చాలా ప్రమాదం, లెక్కల ఫైళ్లు మీకు తెలియకుండానే పాడవుతాయి. అదే స్టిక్ వేరే స్లాట్‌లో శుభ్రంగా పాస్ అయితే తప్పు స్లాట్‌ది. బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ పరీక్షించండి, ర్యామ్‌ను దాని మామూలు వేగం కన్నా ఎక్కువగా నడపడం వల్లే ఎర్రర్లు వస్తుండొచ్చు.

పెన్‌డ్రైవ్ పని రాకపోతే విండోస్‌లోనే మెమరీ డయాగ్నస్టిక్ ఉంది. రీస్టార్ట్ అయి పరీక్ష చేస్తుంది. ఫలితం తెర మీద కనబడకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ కింద ‘మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్’ అని ఉంటుంది. ఇది లోపం చూపిస్తే నమ్మండి. ఏమీ లేదంటే మాత్రం మెమ్‌టెస్ట్ కూడా చేసి చూడండి.

కడప ఎండల్లో ఏసీ లేని గదిలో క్యాబినెట్‌ను గోడకు ఆనించి పెట్టకండి. వెనక ఫ్యాన్‌కు ఒక జానెడు ఖాళీ వదలండి.

ప్రశ్న: రోజూ సాయంత్రం షట్‌డౌన్ చేస్తాను. అయినా ఉదయం తెరిచేసరికి మెమరీ నిన్నటికన్నా ఎక్కువ నిండి ఉంటోంది. పది రోజుల్లో 40 నుంచి 80 శాతానికి వచ్చింది. టాస్క్ మేనేజర్‌లో ప్రోగ్రాములన్నీ కూడినా అంత రావడం లేదు.
(గ్రానైట్ కంపెనీ ఉద్యోగి, తాడిపత్రి)

జవాబు: చాలా బాగా గమనించారు. ప్రోగ్రాముల మొత్తానికి, నిండిన మెమరీకి తేడా ఉందంటే ఆ తేడా విండోస్ లోపలి భాగంలో, డ్రైవర్ల దగ్గర ఉంది. మెమరీ పేజీలో ‘నాన్‌పేజ్డ్ పూల్’ (డిస్క్ మీదికి పోకుండా ర్యామ్‌లోనే ఉండే భాగం) చూడండి. కొన్ని వందల ఎంబీలు ఉంటే సరే. 2, 3 జీబీలు ఉంటే ఏదో డ్రైవర్ తీసుకున్న మెమరీ తిరిగి ఇవ్వడం లేదు.

షట్‌డౌన్ చేసినా ఎందుకు పోవడం లేదంటే, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ లోపలి భాగాన్ని డిస్క్ మీద యథాతథంగా దాచి, మరునాడు అదే పైకి తీస్తుంది. డ్రైవర్లు పట్టుకున్నది కూడా దాంతో తిరిగొస్తుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ పేజీలో ‘అప్ టైమ్’ చూస్తే, ఉదయమే ఆన్ చేసిన సిస్టమ్‌కు పది రోజులు చూపిస్తుంది. రీస్టార్ట్ మాత్రం అన్నీ మొదటి నుంచి తెరుస్తుంది. ఈరోజే రీస్టార్ట్ చేయండి, మెమరీ దిగుతుంది.

తర్వాత కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్ తెరిచి, ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. గడి మసకగా ఉంటే పైనున్న ‘ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులు మార్చు’ అన్న లింకు నొక్కాలి. ఇది నొప్పి తగ్గించే మాత్రే. అసలు మందు డ్రైవర్ మార్చడం. అప్‌గ్రేడ్‌లో పాత డ్రైవరే కొనసాగి ఉంటుంది. లాన్, వైఫై డ్రైవర్లను ముందు అనుమానించండి, ఆ తర్వాత పాత యాంటీవైరస్‌ను. మీ మదర్‌బోర్డ్ లేదా ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే విండోస్ 11 డ్రైవర్ దించుకోండి, ఒక్కోటి మార్చి రెండు రోజులు నాన్‌పేజ్డ్ పూల్ గమనించండి. అన్నీ ఒకేసారి మారిస్తే దొంగ ఎవరో తెలియదు. అప్పటికీ పెరుగుతుంటే మీ టెక్నీషియన్‌ను పూల్‌మాన్ అనే మైక్రోసాఫ్ట్ టూల్‌తో చూడమనండి, ఏ ట్యాగ్ పేరు మీద మెమరీ పెరుగుతోందో అది చూపిస్తుంది.

ప్రశ్న: ర్యామ్ క్లీనర్ సాఫ్ట్‌వేర్ వేసుకోవచ్చా?
(గుంతకల్లు)

జవాబు: వద్దు. అది ప్రోగ్రాముల చేతిలోని మెమరీని బలవంతంగా బయటికి తోయిస్తుంది. అంకె తగ్గుతుంది, తర్వాతి నిమిషం ఆ పేజీలన్నీ మళ్లీ తెచ్చుకోవడానికి సిస్టమ్ ఇంకా నెమ్మదిస్తుంది.

ప్రశ్న: ర్యామ్ చాలా ఖాళీగా ఉన్నా ‘మీ కంప్యూటర్‌లో మెమరీ తక్కువగా ఉంది’ అని వస్తోంది.
(ఆదోని)

జవాబు: ఎవరో పేజ్ ఫైల్ ఆపేసి ఉంటారు, లేదా సి డ్రైవ్ నిండి అది పెరగలేకపోతోంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీలో ‘అన్ని డ్రైవ్‌లకూ ఆటోమేటిక్’ గడికి టిక్ పెట్టండి. సి డ్రైవ్ కోసం స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి, పాత విండోస్ ఇన్‌స్టలేషన్ తీసేయండి, చాలా జీబీలు వస్తాయి. తీశాక పాత విండోస్‌కు వెనక్కి పోలేరు. పది రోజులు దాటితే అది ఎలాగూ తానే పోతుంది.

ప్రశ్న: పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ కొనాలి. డీడీఆర్3 (ర్యామ్‌లో ఒక పాత తరం) అని అడిగితే ‘ఎల్ ఉందా లేదా’ అంటున్నారు.
(కర్నూలు)

జవాబు: సరైన ప్రశ్నే అడిగారు. డీడీఆర్3 1.5 వోల్టులది, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులది. రెండింటి కాళ్ల మధ్య ఉండే గాటు ఒకచోటే కాబట్టి రెండూ స్లాట్‌లో కూర్చుంటాయి. కానీ 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో 1.5 స్టిక్ పెడితే తెర నల్లగా ఉండిపోవచ్చు. ఎల్ రకం స్టిక్ మామూలుగా రెండు చోట్లా నడుస్తుంది, అనుమానం ఉంటే అదే కొనండి. డీడీఆర్4 కాళ్లు 260, డీడీఆర్3కి 204, కాబట్టి అది అసలు కూర్చోదు, బలవంతంగా నొక్కకండి. షాపుకు పోయే ముందు టాస్క్ మేనేజర్‌లో ‘స్లాట్స్ యూజ్‌డ్’ చూడండి. 1 ఆఫ్ 2 అని ఉంటే ఖాళీ స్లాట్ ఉంది. 2 ఆఫ్ 2 అయితే ఉన్నదాంట్లో ఒకటి తీయాలి. పాత స్టిక్ విప్పి చేత్తో పట్టుకెళ్లి, దాని మీది లేబుల్‌తో సరిపోల్చి కొనండి. షాపులోనే పెట్టించి, ఆన్ చేయించి, మొత్తం జీబీ కనబడ్డాకే డబ్బు ఇవ్వండి.